ఉష్ణ ప్రసారం: రైలు పట్టా చెప్పే పాఠం



ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో, జనవరి నెల ఉదయం, ఒక రైల్వే క్వార్టర్ కిటికీ దగ్గర నిలబడ్డారనుకోండి. ఒక చేత్తో ఇనుప ఊచను, రెండో చేత్తో చెక్క చట్రాన్ని పట్టుకోండి. ఊచ జిల్లుమంటుంది. చెక్క అంత చల్లగా అనిపించదు. కాని రాత్రంతా ఒకే గాలిలో ఉన్న ఆ రెండింటి ఉష్ణోగ్రత దాదాపు ఒకటే. మరి చెయ్యి ఎందుకు పొరబడింది?

చెయ్యి ఉష్ణోగ్రతను కొలవదు. తన నుంచి వేడి ఎంత త్వరగా పోతున్నదో తెలుపుతుంది. ఇనుము మంచి ఉష్ణవాహకం కనుక చేతి వేడిని చకచకా లాగేసుకుంటుంది. చెక్క అధమ వాహకం.

నీరు పల్లమెరుగు అంటారు. వేడికి పల్లం అంటే తక్కువ ఉష్ణోగ్రత. ఒక నిప్పురవ్వలో కంటె బకెట్టెడు గోరువెచ్చని నీటిలో ఉష్ణశక్తి ఎంతో ఎక్కువ. అయినా రవ్వను నీటిలో వేస్తే వేడి రవ్వ నుంచే నీటికి పోతుంది. రెండింటి ఉష్ణోగ్రతలు సమానమయ్యేదాకా ఈ ప్రయాణం ఆగదు.

మూడు దారులు

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉద్యోగాల కోసం ఎన్నో తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్ చేరాయి. అప్పటి ఆవిరి ఇంజన్‌లో మూడు దారులూ ఒకేచోట కనిపించేవి. మండే బొగ్గు నుంచి వేడి కిరణాల రూపంలో కొలిమి గోడలను తాకేది. ఇది ఉష్ణ వికిరణం. దీనికి యానకం అక్కరలేదు. సూర్యుడి వేడి మనకు చేరేదీ ఇలాగే. గోడ లోహంలో అణువు నుంచి అణువుకు వేడి అందేది. ఇది ఉష్ణ వహనం. బాయిలర్‌లో వేడెక్కిన నీరు తేలికై పైకి లేస్తే, చల్లని నీరు కిందికి దిగేది. ఇది ఉష్ణ సంవహనం.

ఎండలో పట్టా

ఇప్పుడు మే నెల మధ్యాహ్నానికి వద్దాం. గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు ఎండలోని రైలు పట్టా సుమారు 60 డిగ్రీలకు చేరవచ్చు. తుప్పు రంగు పట్టా సూర్యకిరణాలను బాగా శోషించుకుంటుంది. కింద ఉన్న రబ్బరు ప్యాడ్, కాంక్రీటు స్లీపర్ అధమ వాహకాలు. ఇక గాలి వీచకపోతే వేడి పోయే దారి తక్కువ.

ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే ప్రతి మీటరుకు సుమారు 0.012 మిల్లీమీటరు పెరుగుతుంది. ఇది స్వల్పమేననిపిస్తుంది. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు, 2013లో గోరఖ్‌పూర్ మించిపోయేవరకు ప్రపంచంలో అన్నింటికంటె పొడవైనదిగా పేరు పొందింది. అంత పొడవైన ఉక్కు పట్టా స్వేచ్ఛగా ఉండి 30 డిగ్రీలు వేడెక్కితే, దాదాపు 39 సెంటీమీటర్లు పెరుగుతుంది.

కాని అతికిన పొడవాటి పట్టాకు ఆ స్వేచ్ఛ లేదు. స్లీపర్లు, కంకర దాన్ని పట్టి ఉంచుతాయి. ఒత్తిడి లేకుండా బిగించిన ఉష్ణోగ్రత కంటె 20 డిగ్రీలు పెరిగితే, మీటరుకు 60 కిలోల బరువుండే పట్టాలో దాదాపు 37 టన్నుల బరువుకు సమానమైన నొక్కుడు బలం పుడుతుంది. కంకర వదులైతే పట్టా పక్కకు వంకర తిరగవచ్చు. అందుకే వేసవి మధ్యాహ్నాల్లో రైల్వే సిబ్బంది పట్టాల వెంట గస్తీ తిరుగుతారు. ఆ నడకపై వందల మంది ప్రయాణికుల ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

గస్తీ మనిషి శరీరం

మరి ఆ మనిషి సంగతి? శరీర ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీలు. గాలి 40 డిగ్రీలుంటే వేడి బయటినుంచే లోపలికి వస్తుంది. ఎండ, వేడి కంకర వికిరణం ద్వారా మరింత వేడినిస్తాయి. మూడు దారులూ ఎదురు తిరిగాక మిగిలింది చెమట ఒక్కటే. ఒక గ్రాము చెమట ఆవిరైతే సుమారు 580 కెలోరీల ఉష్ణాన్ని శరీరం నుంచి తీసుకుపోతుంది. కుండలో నీరు చల్లబడేదీ ఈ సూత్రంతోనే. కాని గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆవిరి కాక కారిపోతుంది. కారిన చెమట పెద్దగా చల్లబరచదు. అప్పుడే వడదెబ్బ ముప్పు.

మాట తడబడి, ఒళ్లు కాలిపోతున్న వ్యక్తిని వెంటనే నీడకు చేర్చండి. ఒంటిని తడిపి విసరండి, ఆసుపత్రికి తరలించండి. స్పృహ లేనివారి నోట్లో నీరు పోయకండి.

ఆకాశంలో సంవహనం

ఒక్కొక్క సాయంత్రం ప్రకృతే ఉపశమనం తెస్తుంది. ఎండకు కాగిన ఛోటానాగపూర్ పీఠభూమి మీద గాలి తేలికై పైకి లేస్తుంది. బంగాళాఖాతం నుంచి వచ్చిన తేమ పైన ఘనీభవించి గుప్తోష్ణాన్ని విడుదల చేస్తుంది. ఆ వేడితో గాలి ఇంకా ఎత్తుకు లేచి ఉరుముల మేఘమవుతుంది. అదే కాల్‌బైశాఖి. బాయిలర్ నీటిలో జరిగిందే ఇక్కడ ఆకాశమంత స్థాయిలో జరుగుతుంది.

ఆలోచించండి

1. క్వార్టర్ పైకప్పుకు తెల్ల సున్నం వేస్తే ఏ దారిలో వచ్చే వేడి తగ్గుతుంది?
2. ఉక్కపోతలో ఫ్యాన్ గాలి చల్లగా లేకపోయినా హాయినిస్తుంది. ఎందుకు?
3. మీ ఇంటి ముందు ఎండలో పనిచేసే మనిషికి నీడ, నీరు ఇవ్వడంలో ఎన్ని ఉష్ణ సూత్రాలు ఇమిడి ఉన్నాయి?