తగవా, తిరునాళ్లా?

ప్రొద్దుటూరినుండి ఒక ఉపాధ్యాయుడు వ్రాసిన కార్డు మూడు దినములుగా నా బల్లపై నున్నది: తలను తెరువక, వెన్నులో సూది గ్రుచ్చి నీరు తీయక, మెదడులోని వాపును కొలుచుట సాధ్యమా యని. మెదడువాపు జ్వరమును చూచిన కర్నూలు సీమవారికి ఇది కాలక్షేపపు ప్రశ్న కాదు. అయితే ఇచట వాపనగా ఉబ్బు మాత్రమే కాదు. మెదడునకు కావలివారగు మైక్రోగ్లియా కణములు ఉద్రేకించి రేపు అలజడి. ఈ కణములను వేఱుపఱచి, 1919లో వీనికి పేరిడినవాడు స్పెయిన్ దేశీయుడు పియో దెల్ రియో ఒర్తేగా.

కొలుచు పద్ధతి పెట్ స్కాన్. రేడియోధార్మిక కార్బన్ తగిలించిన మందును చేతినరములోనికి ఎక్కింతురు. దానినుండి వెలువడిన పాజిట్రాన్ ఒక ఎలక్ట్రానును కలిసి దానితోపాటు నశింపగా, రెండు గామా కిరణములు ఎదురెదురు దిక్కులకు పరువెత్తును. తలచుట్టునున్న యంత్రవలయము ఆ రెంటిని ఒకేక్షణమున పట్టి, పుట్టినచోటును లెక్కగట్టును. ఇంతవరకు చిక్కు లేదు. ఆ మందు దేనికి అంటుకొనుచున్నదన్నదే అసలు కథ.

1977లో బ్రేస్ట్రప్, స్క్వైర్స్ అను నిరువురు, డయాజిపామ్ అను నిద్రమందు ఎలుక మూత్రపిండములలో సైతము అంటుకొనుట చూచి, ఆ తావునకు మెదడు వెలుపలిదను నర్థము వచ్చు పేరు స్థిరపడుటకు కారకులైరి. స్కాను మందు అంటుకొను, వెలుపలిదన్న ఆ ప్రోటీనే నేడు మెదడు లోపలిని చూచుటకు కిటికీ యైనది! మైటోకాండ్రియా పైపొరలో నుండు దీనికి 2006లో టి.ఎస్.పి.ఓ. అని పేరు మార్చిరి. ఎలుకల మైక్రోగ్లియా రెచ్చినపుడు ఈ ప్రోటీను పెరుగును. కావున స్కానులో కాంతి హెచ్చినచో వాపు హెచ్చినదని పండితులు నిశ్చింతగా వ్రాసికొనిరి.

మొదటి దెబ్బ మనుష్యులలోని భేదమువలన తగిలెను. ఈ ప్రోటీనుకై తరువాత చేసిన క్రొత్త మందు కొందఱి మెదడులో అసలే అంటలేదు. ఆ ప్రోటీనులో 147వ స్థానమున అలనీనునకు బదులు థ్రియొనీను ఉండుటయే హేతువు. రక్తపరీక్షతో ఆ చిక్కు తీరినది. రెండవ దెబ్బ అట్టిది కాదు. మనుష్యుని మైక్రోగ్లియా రెచ్చినను ఒక్కొక్క కణములో ఈ ప్రోటీను పెరుగదనియు, స్కాను చూపునది ముఖ్యముగా ఆ కణముల సాంద్రతనే యనియు 2023లో ప్రకటితమైన పరిశోధన తేల్చినది. రచ్చబండచెంత జనము గుమిగూడుటను దూరమునుండి చూచి తగవని చెప్పినట్లున్నది మన యిన్నాళ్ల విద్య. అది తిరునాళ్లయు కావచ్చును. ఎలుకను నమ్మి మనిషిని చదివినవారిని నిందింపలేను గాని, ఇన్నేండ్లు సరిచూడకుండుటను మెచ్చలేను.

కనుక ఉపాధ్యాయులవారికి నా జవాబు: గుంపును కొలువవచ్చును, కోపమును కొలుచుట ఇంకను రాలేదు.

ఇక మన సీమలో దీని ఉపయోగమందురా? కడపజిల్లా తుమ్మలపల్లె గనిలోని యురేనియము సగమగుటకు సుమారు 447 కోట్ల సంవత్సరములు పట్టును. స్కాను మందునకు తగిలించిన కార్బన్‌కు 20 నిమిషములు చాలును. హైదరాబాదులో సిద్ధము చేసి కారెక్కించినచో, నాలుగు గంటలలో కర్నూలు చేరుసరికి పండ్రెండుమార్లు సగమై, 4096 వంతులలో ఒక వంతు మిగులును. మందు రాజాలదు గనుక రోగియే బండి యెక్కవలెను.