ఏ తొవ్వల పోతవ్?

నా చిన్నప్పుడు బీర్కూర్‌లో గంటల లెక్కన సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణం ఒకటుండేది. పంచర్లు కూడా అక్కడే వేసేవాళ్లు. గాలి కొట్టమని సైకిల్ ఆపితే, పంపు చేతిలోకి తీసుకోకముందే ఆ దుకాణపాయన ఒక మాట అడిగేవాడు: "ఏ తొవ్వల పోతవ్ బిడ్డా?" బాన్సువాడ దిక్కు తారురోడ్డు అంటే టైరు నిండా కొట్టేవాడు. కాలువ గట్టు అంటే నాలుగు దెబ్బలు తగ్గించేవాడు. మంజీరలో దిగుతానంటే మాత్రం ఉన్న గాలిలోంచే కొంత ఇడిచేసేవాడు. గాలి కోసం వచ్చినవాడి టైరులోంచి గాలి తీయడమేంటని నాకు ఒళ్లు మండేది. ఆ మంట చల్లారడానికి చాలా ఏళ్ల తర్వాత కాస్త భౌతికశాస్త్రం చదవాల్సి వచ్చింది.

బీర్కూర్‌లో టైరుకు మూడు పరీక్షలు. ఒకటి తారురోడ్డు. రెండోది కాలువ గట్టు. మంజీర మీద ఎగువన నిజాంసాగర్ ఆనకట్ట 1923లో మొదలై 1931లో పూర్తయింది. దాన్ని కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ నీళ్ల పుణ్యాన ఇటంతా వరి పండింది, పొలానికి పోయే తొవ్వ కాలువ గట్టయింది. మూడోది నది. ఎండాకాలం నీళ్లు సన్నబడితే మంజీర అంతా ఇసుకే. ఒకే సైకిల్, ఒకే టైరు పొద్దున్నుంచి సాయంత్రందాకా ఈ మూడింటినీ దాటాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లలా ఒక్కో రోడ్డుకు ఒక్కో సైకిల్ పెట్టుకునే భాగ్యం ఊళ్లో ఎవరికుంటుంది?

టైరులో గాలి నింపాలన్న ఆలోచన సైకిల్ కోసం పుట్టలేదు. స్కాట్లాండ్‌కు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లో దానికి పేటెంట్ తీసుకున్నప్పుడు అతని మనసులో ఉన్నవి గుర్రబ్బండ్లు. లోపల రబ్బరు పూసిన గుడ్డ సంచి, పైన తోలు. బండి తేలికగా, చప్పుడు లేకుండా నడిచింది. కానీ రబ్బరు ఖరీదైన సరుకు. కొనేవాళ్లు లేక ఆ ఆలోచన మూలన పడింది. ఎంతగా మరిచిపోయారంటే, నలభై ఏళ్ల తర్వాత మరో స్కాట్లాండ్ మనిషి దాన్ని మళ్లీ మొదటినుంచి కనిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఆయన జాన్ బాయిడ్ డన్‌లప్, ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు. కొడుకు మూడు చక్రాల సైకిల్‌కు గట్టి రబ్బరు పట్టీలుండేవి. రాళ్లు పరిచిన వీధుల్లో తొక్కితే ఒళ్లు హూనం. 1887లో డన్‌లప్ ఒక చెక్క బిళ్ల చుట్టూ గాలి నింపిన రబ్బరు గొట్టం పెట్టి, పైన గుడ్డ చుట్టి మేకులు కొట్టాడు. దాన్ని, కొడుకు సైకిల్ చక్రాన్ని పెరట్లో విడివిడిగా దొర్లించి చూశాడు. గట్టి రబ్బరు చక్రం మధ్యలోనే ఆగి పడిపోయింది. గాలి చక్రం పెరడంతా దాటిపోయింది. కుదుపు తగ్గించాలని మొదలుపెట్టినవాడికి వేగం అడక్కుండా దొరికింది.

1888లో పేటెంట్ వచ్చింది. 1889 మే 18న బెల్‌ఫాస్ట్ క్వీన్స్ కాలేజీ పందేల్లో విల్లీ హ్యూమ్ అనే కుర్రాడు లావుపాటి గాలి టైర్ల సైకిల్ తెస్తే జనం నవ్వారు. పందెం అయ్యాక నవ్వినవాళ్లు లేరు. ఓడినవాళ్లలో హార్వే డుక్రోస్ అనే వ్యాపారి కొడుకులున్నారు. పిల్లలు ఓడిపోయారని అలిగి కూర్చోకుండా, ఆ తండ్రి పోయి టైర్ల కంపెనీ పెట్టాడు. పాపం డన్‌లప్ పేటెంట్ మాత్రం నిలవలేదు. థామ్సన్ కాగితాలు బయటపడి అది చెల్లకుండా పోయింది. కంపెనీకి పేరు డన్‌లప్‌ది, లాభం డుక్రోస్‌ది. కనిపెట్టినవాళ్ల కథలు తరచూ ఇలాగే ముగుస్తాయి.

ఆ తొలి టైర్లు చక్రానికి అతికించేసి ఉండేవి. పంచరైతే ఊడదీయడానికి గంటలు, మళ్లీ అతికించాక ఆరడానికి ఒక రాత్రి. 1890లో చార్లెస్ వెల్చ్ టైరు అంచుల్లో ఇనుప తీగ దూర్చి, రిమ్ము గాడిలో కూర్చునే టైరు చేశాడు. మరుసటి ఏడు ఫ్రాన్స్‌లో మిషెలిన్ సోదరులు తమ తరహా ఊడదీసే టైరు తెచ్చారు. దాంతోనే షార్ల్ తెరో ఆ ఏడు పారిస్ నుంచి బ్రెస్ట్ పోయి తిరిగివచ్చే పందెం గెలిచాడు. మన పంచర్ దుకాణంలో రెండు ఇనుప పట్టీలతో టైరు అంచు ఎత్తి, వేళ్లతో ట్యూబు లాగే ఆ పని వెల్చ్ తీగ ఇచ్చిన వరమే. మన సైకిల్ వాల్వు కూడా ఆ కాలందే. సన్నని గొట్టానికి తొడిగిన రబ్బరు తొడుగు గాలిని లోపలికి పోనిస్తుంది, బయటికి రానివ్వదు. గాలి దిగుతోందా అన్న అనుమానమొస్తే వాల్వు మూతి మీద ఉమ్మి తడి పెట్టి బుడగ వస్తుందేమో చూడటం ఎవరూ నేర్పనక్కర్లేని విద్య.

ఇక అసలు లెక్క. నల్ల సైకిల్ బరువు 20, 22 కిలోలు. తొక్కేవాడు 60. వెనక క్యారేజీ మీద 25 కిలోల మూట. అందులో మూడింట రెండు వంతులు, అంటే దాదాపు 70 కిలోలు వెనక చక్రం మీద పడతాయనుకుందాం. టైరులో చదరపు అంగుళానికి 50 పౌండ్ల గాలి ఉందంటే ప్రతి చదరపు సెంటీమీటరు సుమారు మూడున్నర కిలోలు మోస్తుందని అర్థం. 70ని మూడున్నరతో భాగిస్తే 20 చదరపు సెంటీమీటర్లు. అంటే ఆ మనిషి, మూట, సైకిల్ వెనక భాగం అంతా కలిపి అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద జాగా మీద నిలబడ్డాయి. గాలి తగ్గిస్తే ఆ జాగా పెరుగుతుంది. మంజీర ఇసుకలో బండిని ఒడ్డుకు చేర్చేది ఆ పెరిగిన జాగానే. అగ్గిపెట్టెంత చోట 70 కిలోలు మోపితే ఇసుక పక్కలకు జారి చక్రం దిగబడుతుంది. దానికి రెండింతల చోట పరిస్తే ఇసుక ఓర్చుకుంటుంది. దుకాణపాయన గాలి ఇడిచేసింది ఇందుకన్నమాట. అవతలి ఒడ్డున బిచ్కుంద దిక్కు ఎక్కాక మళ్లీ గాలి కొట్టించుకోవాలి, లేకపోతే రిమ్ము రాళ్లకు తగిలి ట్యూబు నలిగి రెండు పక్కలా చిల్లులు పడతాయి.

తారురోడ్డు మీద సంగతి వేరు. రబ్బరు అప్పు తీసుకున్న చుట్టంలాంటిది. పెట్టినంతా తిరిగివ్వదు. టైరు నేలను తాకిన చోట ఒంగుతుంది, దాటాక నిటారవుతుంది. ఒంగడానికి పట్టిన బలంలో కొంత వేడిగా మారి పోతుంది. నునుపు రోడ్డు మీద గాలి ఎక్కువుంటే ఒంగడం తగ్గుతుంది, తొక్కడం తేలికవుతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్ 1న ప్రారంభించిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద సన్నటి టైర్లు బిగదీసి గాలి కొట్టి తొక్కేవాళ్ల లెక్క అది. అక్కడ అది చెల్లుతుంది. గుంతలూ కంకరా ఉన్న రోడ్డు మీద చెల్లదు. బిగిసిన టైరు ప్రతి రాయి మీదా ఎగురుతుంది. ఎగిరిన ప్రతిసారీ సైకిల్‌నీ మనిషినీ పైకెత్తాలి. ఆ ఎత్తే బలం మన కాళ్లదే. నడుము నొప్పి రూపంలో మనకు కనిపించేది, నిజానికి వృథా అయిన వేగమే. మెత్తని టైరు మాత్రం రాయిని తనలోకి మింగి ముందుకు సాగిపోతుంది.

ఇది దొరలకు తెలిసేసరికి వందేళ్లు దాటింది. సన్ననిదే వేగమని నమ్మి, టూర్ డి ఫ్రాన్స్ పోటీదారులు ఎన్నో ఏళ్లు 23 మిల్లీమీటర్ల టైర్లే వాడారు. అమెరికాలో యాన్ హైనే వంటివాళ్లు నిజమైన రోడ్ల మీద కొలిచి చూపించాక, ఇప్పుడు 28, 30 మిల్లీమీటర్లకు వచ్చారు. బీర్కూర్ సైకిల్‌ది ముందునుంచీ 40 మిల్లీమీటర్లే. టైరు పక్క మీద చూడండి, 28 × 1½ అని ఉంటుంది. అంటే బయటి వ్యాసం సుమారు 28 అంగుళాలు, లావు అంగుళంన్నర. అదే చోట 40-635 అని ఉంటే మొదటిది లావు మిల్లీమీటర్లలో, రెండోది టైరు రిమ్ములో కూర్చునే చోట వ్యాసం. కొనేటప్పుడు చూడాల్సింది ఈ రెండో అంకెనే. కొత్త రకం రోడ్డు సైకిల్ చక్రం 622. అదీ 28 అంగుళాలే అని అంటగడితే ఇంటికొచ్చాక ఏడ్చినా ఎక్కదు.

సుఖానికీ వేగానికీ మధ్య ఏదో పాత పగ ఉన్నట్టు సైకిల్ దుకాణాల్లో చెబుతారు. మన రోడ్ల మీద అవి రెండూ ఒక పక్షమే. తగవంతా మన్నికతో. ఆ తగవుకు మూలం పల్లేరు కాయ.

వరి కోసిన పొలాల గట్ల మీద, కాలువ పక్కన నేలకు అంటుకుని పాకే పల్లేరు తెలియనిదెవరికి? ఎండిన కాయ ఐదు ముక్కలవుతుంది. ప్రతి ముక్కా ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. ఆయుర్వేదంలో గోక్షురమని గౌరవం, సైకిల్ మీద పోయేవాడి నోట మాత్రం బూతు. అమెరికాలో ఈ మొక్కకు ఏకంగా పంచర్ తీగ అన్న అర్థంలోనే పేరు పెట్టారు. 1961లో దాన్ని తినే పురుగులను తెచ్చి వదిలారు కూడా. ఈ ముల్లు దిగగానే ట్యూబుకు చేరదు. టైరు రబ్బరులో ఇరుక్కుని ఉంటుంది. 28 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు రెండుంబావు మీటర్లు, అంటే కిలోమీటరుకు 440 సార్లకు పైగా తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ రోడ్డు ఆ ముల్లు తల మీద ఒక దెబ్బ వేస్తుంది. ఇంటికొచ్చి చూస్తే గాలి ఉంటుంది, తెల్లారి చూస్తే ఉండదు. గట్టు దిగగానే సైకిల్ ఆపి, తడి గుడ్డతో టైరు ఒక చుట్టు తుడిచి కాయలు ఏరేస్తే సగం పంచర్లు తప్పుతాయి.

ముల్లును ఆపాలంటే రబ్బరు మందంగా ఉండాలి, లోపలి దారాల పొరలు ఎక్కువుండాలి. గుడ్డలా అడ్డం నిలువు నేసిన దారాలు ఒంగినప్పుడల్లా ఒకదాన్నొకటి కోసుకుంటాయని 1890ల్లోనే జాన్ పామర్ అనే అమెరికన్ గ్రహించి, దారాలను పక్కపక్కన వాలుగా పరిచి పొర మీద పొర వేశాడు. ఇప్పటి నైలాన్ టైర్లదీ అదే వరస. అరగకుండా రబ్బరులో మసి కలుపుతారు. కార్బన్ బ్లాక్ అంటే అదే, దీపం మసికి పెద్దన్న. అది రాకముందు టైర్లు పాలిపోయిన రంగులో ఉండేవి, తొందరగా అరిగేవి. ఈ రక్షణలన్నీ కలిస్తే టైరు బరువెక్కుతుంది, పక్కలు బిరుసెక్కి ఒంగడానికి ఎక్కువ బలం అడుగుతాయి. ముల్లుకు భయపడి కొన్న బరువు టైరు రోజూ కాళ్ల దగ్గర వడ్డీ వసూలు చేస్తుంది. ధాన్యం మూట మోసేవాడికి, కల్లు కుండలు కట్టుకునే గౌండ్లకు ఆ వడ్డీ కట్టక తప్పదు. బడికి పోయే పిల్లకు అవసరం లేదు. ఆమెకు పక్కలు మెత్తగా ఒంగే తేలిక టైరు, గట్టిగా గాలి నిలిపే బ్యూటైల్ ట్యూబు చాలు. టైరు మీది లోతైన గాళ్లు చూసి మురిసిపోవద్దు. సైకిల్ వేగానికి తారురోడ్డు మీద నున్నని టైరు కూడా జారదు. రేగడి బురదలో అయితే ఆ గాళ్లే మట్టి పట్టుకుని మడ్గార్డు దాకా నింపుతాయి.

ఎండల గురించి ఒక మాట. మే నెలలో ఎండకు పెట్టిన సైకిల్ ట్యూబు పేలితే గాలి వేడెక్కి ఉబ్బిందంటారు. లెక్క వేస్తే 25 డిగ్రీల దగ్గర కొట్టిన 50 పౌండ్లు, టైరు 60 డిగ్రీలకు కాలినా 57, 58కి మించవు. మంచి టైరుకు అదో లెక్క కాదు. పేలేది పాత పంచర్ ప్యాచ్ కింది సొల్యూషన్ మెత్తబడి, లేదా డైనమో రాసి రాసి పలచబడ్డ పక్క చిరిగి.

గాలి ఎంతన్నదానికి ఫ్రాంక్ బెర్టో అనే అమెరికన్ ఒక కొలత చెప్పాడు: ఎక్కి కూర్చున్నప్పుడు టైరు తన ఎత్తులో 15 శాతం కుంగాలి. మన 40 మిల్లీమీటర్ల టైరుకు అది 6 మిల్లీమీటర్లు. దుకాణపాయనకు బెర్టో ఎవరో తెలియదు. బొటనవేలితో నొక్కి, కళ్లు సగం మూసి, "సాలు" అనేవాడు. ముందు చక్రానికి ఎప్పుడూ కాస్త తక్కువ కొట్టేవాడు, బరువు వెనకే కదా.

బరువు వెనకే గనుక వెనక టైరే ముందు అరుగుతుంది. అప్పుడు ముందుది వెనక్కి, కొత్తది ముందుకి. మలుపులో నిలబెట్టేది ముందు చక్రం, దానికి మంచిది ఉండాలి. చిరుగుపడితే లోపల పాత టైరు ముక్క అడ్డం పెట్టి ఇంకో పంట కాలం నడిపిస్తారు. ట్యూబు అతుకులకు లొంగని రోజున ముక్కలవుతుంది. కొన్ని పిల్లల గులేరులకు, కొన్ని పొలంలో మోటారు పైపు లీకైన చోట చుట్టి కట్టడానికి.

మిగిలిన బోడి టైరు ఊళ్లో పిల్లవాడి చేతికొస్తుంది. లోపల ట్యూబు లేదు, గాలి లేదు. జానెడు కట్టెతో కొడుతూ వాడు కాలువ గట్టు మీద దాని వెంట పరుగెత్తుతాడు. మంజీర ఒడ్డున ఇసుక తగలగానే అది ఒరిగి పడిపోతుంది. వాడు దాన్ని లేపి, భుజానికి తగిలించుకుని, మళ్లీ గట్టు ఎక్కుతాడు.