చలికాలపు నీటిలో చేపలు

గోదావరి యెడమ గట్టున లక్సెట్టిపేట ఉన్నది. ఒకప్పుడు ఆదిలాబాదు జిల్లాలోనిదైన యీ పట్టణము 2016 నుండి మంచిర్యాల జిల్లాలో చేరినది. ఇక్కడికి దిగువన ఎల్లంపల్లి వద్ద నదికి అడ్డముగా శ్రీపాద ప్రాజెక్టును కట్టిన తరువాత, ఈ ప్రాంతమున గోదావరి పారు నదివలె గాక నిండు చెరువువలె కనిపించుచున్నది. 20 టి.ఎం.సి.ల నీటిని పట్టు ఆ జలాశయములో గంగపుత్రులు, ముదిరాజులు వలలు వేసి చేపలు పట్టుదురు.

మార్గశిర పుష్య మాసములలో చలి ముదిరినప్పుడు వలలో పడు చేపలు తగ్గును. గాలమునకును అవి త్వరగా చిక్కవు. నీరు అదే, వల అదే, ఎర అదే. మరి చేపలు ఎక్కడికి పోయినవి? అవి ఎక్కడికిని పోలేదు. వాటి నడక మారినది. ఆ మార్పునకు కారణము నీటి వేడిమిలో ఉన్నది.

చేప ఒంటి వేడి

మనిషి శరీరములో వేడి ఎండకాలములోను చలికాలములోను సుమారు 37 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరనే నిలిచియుండును. మనము తిను ఆహారములో చాలా భాగము ఈ వేడిని నిలుపుటకే ఖర్చగును. బొచ్చె, రోహు మొదలగు చేపలకు ఈ ఏర్పాటు లేదు. చుట్టునున్న నీరు ఎంత వేడిగా నుండునో వాటి శరీరమును ఇంచుమించు అంత వేడిగానే యుండును. అందుచేతనే వీటిని శీతరక్త జంతువులందురు. ఆ పేరును బట్టి వాటి రక్తము ఎల్లప్పుడు చల్లగా నుండునని తలచరాదు. నీరు వెచ్చనైనచో రక్తమును వెచ్చనగును.

ఆహారము జీర్ణమగుట, కండరములు కదలుట, గుండె కొట్టుకొనుట, ఇవన్నియు రసాయనిక చర్యలపై ఆధారపడినవి. ఒక హద్దు వరకు, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గినప్పుడు జీవులలోని ఇట్టి చర్యల వేగము ఇంచుమించు సగమగును. ఎండకాలములో 30 డిగ్రీల నీటిలో చురుకుగా తిరుగు చేపకు 20 డిగ్రీల నీటిలో ఆకలి తగ్గును, ఈదుటకు ఓపిక తగ్గును. మూతి దగ్గరికి వచ్చిన ఎరను మాత్రము అందుకొనును గాని దూరమున నున్నదానికై పరుగెత్తదు. నీటిలో తెరవలె నిలువుగా కట్టు వల చేపను వెదకికొని పోదు. చేపయే వచ్చి అందులో తల దూర్చవలెను. కదలిక తగ్గిన చేప వలకు తగులు అవకాశమును తగ్గును.

నీరు ఏల ఆలస్యముగా చల్లబడును?

చలిగాలులు వీచు రోజులలో ఆదిలాబాదు ప్రాంతమున రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువకు పోవుట కలదు. కాని జలాశయములోని నీరు అంత చల్లబడదు. ఒక ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ వెచ్చబరచుటకు కావలసిన వేడికంటె, ఒక ఘనపు మీటరు నీటిని ఒక డిగ్రీ వెచ్చబరచుటకు సుమారు 3,500 రెట్లు ఎక్కువ వేడి కావలెను. కనుక నీరు మెల్లగా వేడెక్కును, మెల్లగానే చల్లబడును. తెల్లవారుజామున గట్టుమీద వణకుచున్న మనిషి చేయి నీటిలో పెట్టినచో అది గోరువెచ్చగా తోచుటకు కారణ మిదియే.

రాత్రివేళ ముందుగా చల్లబడునది గాలికి తగులు పైనీరు. చల్లబడిన నీరు బరువెక్కును. 30 డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు మంచినీటి బరువు 995.7 కిలోలు. 20 డిగ్రీల వద్ద 998.2 కిలోలు. భేదము రెండున్నర కిలోలు మాత్రమే. అయినను పైనీరు అడుగునకు దిగుటకు, అడుగునీరు పైకి వచ్చుటకు అది చాలును. నీరు 4 డిగ్రీలకంటె చల్లనైనప్పుడు మరల తేలికయగునని పాఠ్యగ్రంథములలో చదువుదుము. శీతల దేశముల సరస్సులు పైనుండి గడ్డకట్టుటకు అది కారణము. మన జలాశయములు అంతగా ఎన్నడును చల్లబడవు కనుక ఇక్కడ చల్లనీరు ఎల్లప్పుడు బరువైనదే.

ఈ కలయిక వలన చేపకు గొప్ప మేలు కలుగును. ఎండకాలములో వెచ్చని, తేలికైన నీరు పైన మూతవలె నిలుచును. లోతైన చోట్ల అడుగునీటికి గాలి అందదు. అక్కడ కుళ్ళు పదార్థములు ఆమ్లజనిని, అనగా ఆక్సిజన్‌ను, వాడివేయును. చేపలు ఆ పొరను విడిచి పైపొరలలో గుమిగూడును. చలికాలములో మూత తొలగి ఆమ్లజని అడుగువరకు పోవును. అంతేగాక, చల్లనీరు ఆమ్లజనిని ఎక్కువగా కరిగించుకొనును. 30 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 7.6 మిల్లీగ్రాములు కరుగగా, 20 డిగ్రీల నీటిలో సుమారు 9.1 మిల్లీగ్రాములు కరుగును. కాబట్టి చలికాలములో చేపకు లోతంతయు నివాసయోగ్యమే. వానలతో నిండిన జలాశయములో నీరును ఎక్కువ. ఉన్న చేపలు విశాలమైన చోట చెదరిపోవును. ఒక్కొక్క వలకు కొన్ని మాత్రమే దొరుకును.

గాలమువేయువారు చలికాలములో మిట్టమధ్యాహ్నము, ఎండ తగిలిన లోతు తక్కువ నీటిని ఎన్నుకొనుట కూడ యుక్తియుక్తమే. అక్కడి నీరు ముందుగా వెచ్చబడును, చేపకు ఆకలి పుట్టును.

ఉప్పు చేయు చిత్రము

ఇదే గోదావరి నీరు ధవళేశ్వరము దాటి గౌతమిగా, వసిష్ఠగా చీలి బంగాళాఖాతమున కలియును. చలికాలములో సముద్రపు పైనీరును చల్లబడును. అదియు ఇట్లే మునుగవలెను గదా! కాని బంగాళాఖాతపు ఉత్తర భాగమున తరచు అట్లు జరుగదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి వర్షకాలమున మోసికొనివచ్చిన మంచినీరు అక్కడ సముద్రముపై పలుచని పొరగా పరచుకొనియుండును. ఒక కిలో నీటిలో ఉప్పు ఒక గ్రాము తగ్గినచో నీరు తేలికయగుట, రెండు మూడు డిగ్రీలు వెచ్చబడినప్పుడు తేలికయగుటతో సమానము. అందుచేత ఉప్పు తక్కువైన పైనీరు చల్లబడినను మునుగదు. చలికాలములో ఆ ప్రాంతమున పైనీటికంటె క్రిందినీరు వెచ్చగా నుండుటయు కలదు.

అరేబియా సముద్రపు ఉత్తర భాగమున ఇట్టి మంచినీటి మూత లేదు. అక్కడ చల్లబడిన పైనీరు మునిగి, లోతులలోని పోషక లవణములు పైకి వచ్చి, చేపలకు మూలాహారమైన సూక్ష్మ వృక్షప్లవకములు విరివిగా పెరుగును. ఈ విషయమున లక్సెట్టిపేట దగ్గరి నిలువనీరు, తాను పోయి కలియు బంగాళాఖాతముకంటె అరేబియా సముద్రమునే ఎక్కువగా పోలియున్నది!

దీనిని తరగతిలో చూపవచ్చును. ఒక గాజు గ్లాసులో సగము వరకు గోరువెచ్చని మంచినీరు పోసి, రంగు కలిపిన చల్లనీటిని చెంచా మీదుగా మెల్లగా పోయవలెను. రంగు అడుగునకు దిగును. రెండవ గ్లాసులో గోరువెచ్చని నీటిలో రెండు చెంచాల ఉప్పు కరిగించి, అదే రంగు చల్లనీటిని అట్లే పోయవలెను. ఈసారి రంగు పైననే నిలుచును.

చలి హద్దు మీరినప్పుడు

అమెరికాలోని ఫ్లోరిడా తీరమున పడవలను అద్దెకు తీసికొని ఒడ్డు దగ్గరి ఉప్పునీటిలో గాలమువేయుట పెద్ద వేడుక. అచట స్నూక్ అను ఉష్ణదేశపు చేపకు చలి పడదు. చలికాలములో అది వెచ్చని ఊటల దగ్గరకు, విద్యుత్కేంద్రములు విడుచు వెచ్చని నీటి దగ్గరకు చేరును. అనుభవము గల పడవవారికి ఇది తెలిసిన సంగతియే. కాని 2010 జనవరిలో చలి పలు దినములు వీడకపోవుటచే తీరపు నీరు మితిమీరి చల్లబడి ఈ చేపలు విస్తారముగా చచ్చినవి. మిగిలినవి మరల వృద్ధి చెందుటకై వాటిని పట్టి తీసికొనిపోవుటను ప్రభుత్వము కొంతకాలము నిషేధించినది. వాటి బలహీనకాలమున కనికరించుట పట్టువారికే లాభమని అక్కడివారు గ్రహించిరి.

పెరుగనున్న చేప

మన జలాశయములలో చలికి చేపలు అట్లు చావవు. కాని ఇక్కడను చలికాలమున ఒక నష్టము పొంచియున్నది. బొచ్చె, రోహు, మృగాల వరదకాలమున పారు నీటిలో గ్రుడ్లు పెట్టు చేపలు. నిలువనీటిలో అవి సాధారణముగా గ్రుడ్లు పెట్టవు. ఆనకట్టలు దాటి ఎగువకు ఈదిపోవు దారియు లేదు. 1957లో కటకమునందు హీరాలాల్ చౌధురి, అలికున్హి అను శాస్త్రజ్ఞులు చేపల పీయూషగ్రంథి రసమును సూదితో ఎక్కించి, ఇట్టి చేపలచే గ్రుడ్లు పెట్టించుటలో కృతకృత్యులైరి. ఆ విద్య వలననే నేడు చేపపిల్లలను ఉత్పత్తి కేంద్రములలో పెంచి జలాశయములలో విడువగలుగుచున్నారు. తెలంగాణ ప్రభుత్వము 2016లో చేపపిల్లలను ఉచితముగా విడుచు పథకమును ప్రారంభించినది.

వానకాలములోనో, వానలు వెనుకబట్టిన పిమ్మటనో విడిచిన పిల్లలు చలికాలమునకు ఇంకను చిన్నవే. చలిచే తిండి తగ్గుటవలన ఆ నెలలలో పెరుగుదలయు మందగించును. మాఘము దాటి నీరు వెచ్చబడగానే అవి వేగముగా పెరుగును. మంచి మేత దొరికిన బొచ్చె ఏడాదిలో ఒక కిలో తూగగలదు. పెద్దచేపలు పడుటలేదని పుష్యమాసములో సన్నని కన్నుల వల వేసినచో ముందుగా చిక్కునవి ఈ పిల్లలే. అప్పుడు 100 గ్రాములకు అమ్ముడుపోయిన చేప ఏడాది నిండునప్పటికి కిలో కాగలిగినదే. ఒకరు తొందరపడిన నష్టము సంఘములోని వారందరికిని పంచబడును.

పెద్ద కన్నుల వల పిల్లలను తనంతట తానే జారవిడుచును. చలికాలములో వల తేలికగా వచ్చుట జలాశయము ఖాళీయైనదనుటకు గుర్తు కాదు. చేపలు లోతులలో చెదరి, తక్కువ తిని, తక్కువ తిరుగుచు ఎండలకై ఎదురుచూచుచున్నవనుటకు గుర్తు.