పాడైన ఎంసీబీ మార్చేముందు



వెనుకటి ఇళ్ళలో కరెంటు పోతే ముందుగా చూసేది పింగాణీ ఫ్యూజునే. తీగ కాలిపోయి ఉంటే కొత్త తీగ చుట్టేవాళ్ళం. అది మళ్ళీ మళ్ళీ కాలిపోతుంటే, ఒక పోగుకు బదులు నాలుగు పోగులు చుట్టి "ఇక కాలదులే" అనుకునేవారు కొందరు. నిజమే, ఫ్యూజు కాలేది కాదు. దానికి బదులు గోడలోని వైరు కాలేది.

ఇప్పుడు హోసూరు కొత్త కాలనీల్లోనూ, కృష్ణగిరి పాతపేట ఇళ్ళలోనూ, శూలగిరి, బాగలూరు, వేపనపల్లి పల్లెల్లోనూ ఫ్యూజుల స్థానంలోకి ఎంసీబీలు వచ్చాయి. మీటలాంటి ఈ చిన్న పరికరానికి 1924లోనే జర్మనీలో పేటెంటు వచ్చింది. పరికరం మారింది కాని, నాలుగు పోగుల అలవాటు మాత్రం పూర్తిగా పోలేదు. పదహారు ఆంపియర్ల ఎంసీబీ పదే పదే పడిపోతోందని ముప్ఫై రెండు ఆంపియర్లది బిగించడం ఆ పాత పొరపాటుకే కొత్త రూపం.

అసలు ఎంసీబీ కాపాడేది దేనిని? చాలామంది ఫ్రిజ్జునో టీవీనో అనుకుంటారు. నిజానికి అది ముఖ్యంగా కాపాడేది వైరును. దాని లోపల రెండు ఏర్పాట్లు ఉంటాయి. ఒకటి రెండు లోహాలు కలిపిన పట్టీ. మోయగలిగినదానికంటే ఎక్కువ కరెంటు కొంతసేపు పారితే, ఈ పట్టీ వేడెక్కి వంగి మీటను పడగొడుతుంది. రెండవది తీగచుట్ట. షార్టు సర్క్యూట్ అయినప్పుడు అది అయస్కాంతమై రెప్పపాటులో మీటను పడేస్తుంది.

అందువల్ల ఎంసీబీ ఎన్ని ఆంపియర్లది ఉండాలన్నది వైరు మందాన్ని బట్టి నిర్ణయించాలి. మామూలు ఇళ్ళలో లైట్లు, ఫ్యాన్లకు వేసే ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు 6 లేదా 10 ఆంపియర్లది సరిపోతుంది. రెండున్నర వైరుకు 16, నాలుగు వైరుకు 20 ఆంపియర్లది వాడతారు. గీజరు సంగతే చూడండి. హోసూరు చలికి చాలా ఇళ్ళలో అది తప్పనిసరి. రెండు వేల వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. మూడు వేల వాట్లదైతే 13. అద్దె గదిలో లైట్ల లైనుకే గీజరు తగిలించి, ఎంసీబీ పడుతోందని పెద్దది వేయిస్తే, గోడలోని సన్నని వైరు చప్పుడు లేకుండా వేడెక్కుతుంది. ఇంటి యజమాని చేయవలసింది గీజరుకు వేరే లైను వేయించడం.

మరి ఎంసీబీ నిజంగా పాడైందని ఎలా తెలుసుకోవాలి? పడిపోయినంత మాత్రాన అది పాడైనట్టు కాదు. ముందు ఆ లైనుమీద ఉన్న స్విచ్చులన్నీ ఆపి, ప్లగ్గులన్నీ తీయండి. మీటను పూర్తిగా కిందికి నొక్కి, ఒక్కసారి పైకి ఎత్తండి. నిలిచిందా? అయితే ఒక్కొక్క వస్తువునే పెట్టి చూడండి. ఏది పెట్టగానే పడిందో దానిలోనే లోపం. అన్నీ తీసేసినా నిలవకపోతే లోపం వైరులో ఉండాలి, లేదా ఎంసీబీలో ఉండాలి. ఇక మళ్ళీ మళ్ళీ ఎత్తకుండా పనివాడిని పిలవండి. మీట వదులుగా ఊగుతున్నా, పెట్టె దగ్గర కాలిన వాసన వస్తున్నా, గుయ్యిమని మోత వినిపిస్తున్నా, ప్లాస్టిక్ నల్లబడినా ఆలస్యం చేయకండి.

మార్చే పని ఇంట్లోవారు చేయతగ్గది కాదు. లైసెన్సు ఉన్న వైర్‌మన్‌ చేతనే చేయించాలి. అయితే ఆయన ఏమేమి చేయాలో మనకూ తెలిసి ఉండాలి.

మొదట మెయిన్ స్విచ్ ఆపాలి. అయినా మీటరు నుంచి మెయిన్ దాకా వచ్చే వైరులో కరెంటు ఉంటూనే ఉంటుంది. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే దానినీ విడిగా ఆపాలి. మెయిన్ ఆపగానే ఇన్వర్టరు తన లైనుకు కరెంటు ఇవ్వడం మొదలుపెడుతుంది కనుక ఇది మరవకూడని సంగతి. మూడు ఫేజులున్న ఇంట్లో మూడింటినీ చూడాలి. తరువాత టెస్టు ల్యాంపును కరెంటు ఉన్నచోట ఒకసారి వెలిగించి, అది బాగుందని తేల్చుకున్నాకే పనిచేసే చోట పెట్టి చూడాలి.

పాత ఎంసీబీ తీశాక వైరు కొస చూడాలి. చాలాసార్లు అసలు దోషి వదులైన స్క్రూయే. వదులుగా ఉన్నచోట వేడి పుడుతుంది, ఆ వేడికి ఎంసీబీ కాలుతుంది. పాత ఇళ్ళలోని అల్యూమినియం వైరుకు ఈ బాధ మరీ ఎక్కువ. కాలిన కొసను కత్తిరించి, మంచి వైరు దొరికేదాకా తొక్క తీసి బిగించాలి. అలా చేయకపోతే కొత్తదీ కొన్నాళ్ళకే కాలిపోతుంది.

కొత్తది అన్ని ఆంపియర్లదే, అదే రకంది కావాలి. మీద బి అని ఉంటే మామూలు ఇంటి వాడకానికి, సి అని ఉంటే మోటారులాగా మొదట్లో ఎక్కువ కరెంటు లాగేవాటికి. ఐఎస్ఐ గుర్తు చూసి, బిల్లు తీసుకుని కొనండి. అదే కంపెనీది అయితే లోపలి రాగి పట్టీకి సరిగ్గా కూర్చుంటుంది.

చివరిగా ఒక ముఖ్యమైన మాట. మనిషికి షాకు కొడితే ఎంసీబీ పడుతుందని నమ్మకండి. ఒంటిగుండా పారే కొద్దిపాటి కరెంటు ప్రాణం తీయగలదు గాని, పదహారు ఆంపియర్ల మీటను కదిలించలేదు. మనిషిని కాపాడడానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వేరే ఉంది. దానికి మంచి ఎర్తు తోడు కావాలి. పెట్టె ఎలాగూ తెరిచినప్పుడే అది ఉందో లేదో అడగండి. ఉంటే దానిమీది టెస్టు బటను అప్పుడప్పుడు నొక్కి చూడండి. నొక్కగానే పడితే సరే, పడకపోతే మార్పించండి.

ఎంసీబీ పడిందంటే ఇంట్లో ఏదో తప్పు ఉందని అది మనకు చెబుతోందన్న మాట. దాని నోరు నొక్కడం మాని, ఆ తప్పేదో వెతికిద్దాం.