మీకు తెలుసా? కారు డోరులో దాగిన షీటుకూ పేటెంటు!

● ఆత్మకూరు నుంచి మర్రిపాడు మీదుగా బద్వేలు వెళ్తుంటే వాన పట్టుకుందనుకోండి. అద్దం వెంట జారే నీళ్లు కొన్ని డోరు లోపలికే దిగి, అడుగున ఉన్న రంధ్రాల్లోంచి బయటికి పోతాయి. ఆ తడి కారు లోపలికి రాకుండా ఆపేది పల్చటి పాలిథిన్ లేదా ఫోమ్ షీటు. దాని అంచున జిగురు ఊడిందా, కాళ్ల కింద మ్యాట్ తడిసినట్టే!

● షీటు తయారీ కొత్తదై, ఆ పని తెలిసినవాళ్లకు ఇట్టే తట్టనిదైతే పేటెంటు ఇస్తారు. గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. తెలుగు రాష్ట్రాలకు చెన్నై పేటెంటు ఆఫీసే దిక్కు.

● కాపీ కొడితే జిల్లా కోర్టులో దావా వేయొచ్చు. 'అసలు ఆ పేటెంటే చెల్లదు' అని ఎదుటివాళ్లు ఎదురు దావా వేస్తే కేసు హైకోర్టుకు మారుతుంది.

● మన దేశంలో పేరుమోసిన వాహన పేటెంటు గొడవ బజాజ్, టీవీఎస్‌లది. ఒకే సిలిండర్‌కు రెండు స్పార్క్ ప్లగ్గుల ఇంజిన్‌పై 2007లో మొదలైంది. 2008లో మద్రాసు హైకోర్టు టీవీఎస్‌ను ఆపింది. 2009లో సుప్రీంకోర్టు అమ్ముకోనిస్తూనే అమ్మకాల లెక్కలు రాసిపెట్టమంది. చివరికి 2019లో ఇద్దరూ రాజీపడ్డారు.