పెట్టలనుకుంటే పుంజు తేలిందా?

పెట్టలని తెచ్చి పెంచిన పిల్లల్లో ఒకటి ఓ తెల్లారుజామున కూత పెడుతుంది. మణుగూరు చుట్టుపక్కల పెరట్లో నాలుగైదు కోళ్లు పెంచుకునే రైతులకు ఇదేం కొత్త కాదు. కలిపి అమ్మే పిల్లల్లో సుమారు సగం పుంజులే ఉంటాయి. మరి దాన్ని కోసుకోవాలా, ఉంచుకోవాలా?

గుడ్ల కోసమే అయితే పుంజు అక్కర్లేదు. పుంజు లేకున్నా పెట్టలు గుడ్లు పెడతాయి. కాకపోతే వాటిని పొదగేస్తే పిల్లలు కావు. పిల్లలు కావాలంటే 8 నుంచి 10 పెట్టలకు ఒక పుంజు చాలు. మూడు నాలుగు పెట్టలే ఉంటే పదేపదే తొక్కి వీపు మీద ఈకలు ఊడగొడుతుంది. అప్పుడు రోజూ కొంతసేపు పుంజును గంప కింద కమ్మండి. పుంజును కలిపిన పది రోజుల తర్వాతి గుడ్లను పొదగేస్తే 21 రోజులకు పిల్లలు దిగుతాయి.

ఒకే తల్లి పిల్లలను జత కట్టనివ్వొద్దు, సంతానం బలహీనపడుతుంది. పొరుగూరి రైతుతో పుంజును మార్చుకోవడం మేలు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ కోళ్లకు ఇంట్లో పిల్లలు చేయిస్తే ఆ దిగుబడి రాదు. ఆ రకాలు కావాలంటే మళ్లీ కొత్త పిల్లలనే తెచ్చుకోవాలి.

బయటి పుంజును తెస్తే మూడు వారాలు విడిగా ఉంచండి. దాంతో కొక్కెర తెగులు వచ్చిందంటే పెరడంతా ఖాళీ అవుతుంది. ఎనిమిది వారాలు దాటిన కోళ్లకు ఆర్‌2బి టీకా గురించి పశువైద్యశాలలో అడిగి వేయించండి.