అన్నా, ఏ లెన్స్ కొనాలి?



మన హాస్టల్లో చదివి డిగ్రీకి, పాలిటెక్నిక్‌కి వెళ్లిన తమ్ముళ్లలో కొందరు సెలవు రోజుల్లో పెళ్లిళ్లకు, ఓణీల ఫంక్షన్లకు ఫొటోలు తీస్తూ తమ ఖర్చులు తామే చూసుకుంటున్నారు. మరికొందరికి ఊళ్లు తిరిగి కోటలు, గుళ్లు, కొండలు ఫొటో తీయటమంటే ఇష్టం. వీళ్లందరూ కనిపించినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒక్కటే. "అన్నా, ఏ లెన్స్ కొనాలి?"

ఈ ప్రశ్న వెనక వేల రూపాయలున్నాయి. అది స్కాలర్‌షిప్ డబ్బు కావచ్చు, నాన్న వడ్డీకి తెచ్చిన డబ్బు కావచ్చు. ఆ డబ్బు వృథా పోకూడదు. అందుకే ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అందరికీ పనికొచ్చేలా ఈ వార్షికోత్సవ సంచికలో రాస్తున్నాను.

లెన్స్ కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. నేను ఎంత దూరంలో నిలబడతాను? అక్కడ వెలుతురు ఎంత ఉంటుంది? నేను ఎంత బరువు మోయగలను? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే ఏ లెన్స్ కావాలో దానంతటదే తేలుతుంది. ధర ఎక్కువైన లెన్సే మంచి లెన్స్ అనుకోవటం సరికాదు.

నాభ్యంతరం - మనకు తెలిసిన పాఠమే

పదో తరగతి భౌతికశాస్త్రంలో కుంభాకార కటకాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుని, బయటి చెట్టు బొమ్మను గోడమీద పడేలా చేసిన ప్రయోగం గుర్తుందా? బొమ్మ స్పష్టంగా పడినప్పుడు కటకానికి, గోడకు మధ్య ఉన్న దూరమే ఇంచుమించు నాభ్యంతరం. కెమెరా లెన్స్ మీద 18, 50, 200 అని రాసి ఉండేది ఇదే, మిల్లీమీటర్లలో. గోడ స్థానంలో సెన్సర్ ఉంటుందన్నమాట. నాభ్యంతరం పెరిగేకొద్దీ వస్తువు పెద్దగా కనిపిస్తుంది, చుట్టుపక్కల దృశ్యం తగ్గుతుంది.

మనం ఎక్కువగా వాడే మామూలు డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరాల్లో సెన్సర్ వెడల్పు సుమారు 23 ఎం.ఎం. దీన్నిబట్టి ఒక చిన్న లెక్క వస్తుంది. 18 ఎం.ఎం. దగ్గర, మనం నిలబడ్డ దూరానికి సుమారు 1.3 రెట్ల వెడల్పు ఫొటోలో పడుతుంది. 50 ఎం.ఎం. దగ్గర ఆ దూరంలో సగం కంటే కొంచెం తక్కువ పడుతుంది. 200 ఎం.ఎం. దగ్గర సుమారు తొమ్మిదో వంతు మాత్రమే.

లేపాక్షి నంది సుమారు 27 అడుగుల పొడవు. దాన్ని పక్కనుంచి పూర్తిగా తీయాలంటే 18 ఎం.ఎం.తో 21, 22 అడుగుల దూరం చాలు. 50 ఎం.ఎం.తో అయితే 57 అడుగులకు పైగా వెనక్కి వెళ్లాలి. అంత జాగా ఉందా లేదా అన్నది ముందే చూసుకోవాలి. ఈ లెక్క వచ్చినవాడు దుకాణంలో మోసపోడు.

పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరాల సెన్సర్ వెడల్పు 36 ఎం.ఎం. వాటితో పోలిస్తే మన కెమెరాలో 50 ఎం.ఎం. లెన్స్, నికాన్ అయితే 75 ఎం.ఎం. లాగా, కెనాన్ అయితే 80 ఎం.ఎం. లాగా దృశ్యాన్ని చూపిస్తుంది. పుస్తకాల్లో చదివిన సలహా ఏ సెన్సర్‌ను దృష్టిలో పెట్టుకుని రాశారో చూసుకోవాలి.

ముఖాన్ని మార్చేది దూరం

దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దగా, చెవులు చిన్నగా వస్తాయి. ఇది లెన్స్ లోపమని చాలామంది అంటారు. అసలు కారణం దూరం. ముక్కు కొన నుంచి చెవి దాకా సుమారు 12 సెంటీమీటర్లు అనుకుందాం. కెమెరా ముక్కుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవులు 42 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు. అంటే చెవితో పోలిస్తే ముక్కు 1.4 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. అదే 180 సెంటీమీటర్ల దూరం నుంచి తీస్తే ఆ తేడా ఏడు శాతానికి మించదు. ముఖం మనం రోజూ చూసినట్టే వస్తుంది.

కాబట్టి మనిషి ఫొటోకి మొదటి సూత్రం, ఆరడుగుల దూరంలో నిలబడు. తర్వాత ఆ దూరం నుంచి ఫ్రేము నిండే లెన్స్ ఏదో చూడు. కెమెరాను నిలువుగా పట్టుకుంటే ఆరడుగుల నుంచి 50 ఎం.ఎం. లెన్స్‌లో తల నుంచి నడుము దాకా వస్తుంది. 85 ఎం.ఎం.లో తల, భుజాలు వస్తాయి. 85తో నడుము దాకా కావాలంటే పదడుగులు వెనక్కి వెళ్లాలి. మన ఊళ్లో ఇంటి గది మొత్తం పదడుగులే ఉంటుంది! అందుకే మొదటి పోర్ట్రెయిట్ లెన్స్‌గా 85 కంటే 50 నయమంటాను.

ఫోను ఒక్కటే ఉన్నవాళ్లకూ ఇదే సూత్రం. ముఖం దగ్గరికి ఫోను తీసుకువెళ్లకుండా నాలుగైదు అడుగులు వెనక్కి జరిగి, ఫోనులో రెండు రెట్ల జూమ్ పెట్టి తీయండి. తేడా మీకే తెలుస్తుంది.

వెలుతురు - లెన్స్ మీద రెండో అంకె

లెన్స్ మీద ఎఫ్ 1.8, ఎఫ్ 3.5-5.6 అని ఉండే అంకె, ఆ లెన్స్ ఎంత పెద్దగా కన్ను తెరవగలదో చెబుతుంది. అంకె చిన్నదైతే వెలుతురు ఎక్కువ వస్తుంది. ఎఫ్ 5.6తో పోలిస్తే ఎఫ్ 1.8 దగ్గర దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి వస్తుంది. ట్యూబ్‌లైట్ వెలిగే గదిలో ఎఫ్ 5.6 దగ్గర షట్టర్ సెకనులో పదిహేనో వంతు తెరుచుకోవాలి అనుకుందాం. ఆ లోపు పెళ్లికూతురు తల తిప్పితే ఫొటో చెదిరిపోతుంది. ఎఫ్ 1.8 దగ్గర అదే గదిలో సెకనులో నూట యాభయ్యో వంతు సరిపోతుంది.

కదలిక తగ్గించే స్టెబిలైజర్ ఉంది కదా అని కొందరు అడుగుతారు. అది మన చెయ్యి వణుకును ఆపుతుందే గానీ ఎదుటి మనిషి కదలికను ఆపలేదు. గుడి పైకప్పు మీది బొమ్మలు తీయటానికి స్టెబిలైజర్ చాలు. ఆడుకునే పిల్లలను తీయటానికి చాలదు.

ఈ సంగతి ఫొటోగ్రఫీ పుట్టిన నాటి నుంచీ ఉంది. 1839లో డాగెర్ కెమెరా లోకానికి తెలిసినప్పుడు దాని లెన్స్ దృశ్యాలకు బాగానే ఉండేది గానీ, వెలుతురు చాలక మనుషులు నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసి వచ్చేది. 1840లో వియన్నాలోని గణిత ఆచార్యుడు జోసెఫ్ పెట్జ్‌వాల్ లెక్కలు కట్టి ఎఫ్ 3.6 లెన్స్ రూపొందించాడు. దానితో పది పదిహేను రెట్లకు పైగా వెలుతురు పెరిగి, మనిషి ఫొటో తీయటం సులువైంది. పోర్ట్రెయిట్ లెన్స్ చరిత్ర అక్కడ మొదలైంది.

మన హైదరాబాదుకు చెందిన గొప్ప ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844-1905) కట్టడాలనూ తీశారు, మనుషులనూ తీశారు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివిన ఆయన ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. 2006లో తపాలాశాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది.

పెద్దగా తెరిచిన లెన్స్‌తో ఒక జాగ్రత్త కూడా ఉంది. 50 ఎం.ఎం. లెన్స్‌ను ఎఫ్ 1.8 దగ్గర పెట్టి ఆరడుగుల నుంచి తీస్తే నాలుగు అంగుళాల మందం మాత్రమే స్పష్టంగా వస్తుంది. కళ్ల మీద ఫోకస్ పెట్టాలి. ముందొకరు వెనకొకరు నిలబడితే ఒకరు మసకబారతారు. ఇద్దరు ముగ్గురు ఉన్నప్పుడు ఎఫ్ 4కు, గ్రూప్ ఫొటోకు ఎఫ్ 8కు తగ్గించుకోవటం మంచిది.

యాత్రకు ఏది?

కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్స్‌ను చిన్నచూపు చూడకండి. బరువు 200 గ్రాములే. పగటి వెలుతురులో ఎఫ్ 8 దగ్గర రామప్ప గుడినైనా, అరకు లోయనైనా చక్కగా తీస్తుంది. 18-140 వంటి పెద్ద జూమ్ లెన్స్ సుమారు అరకిలో ఉంటుంది. బస్సు దుమ్ములో మాటిమాటికీ లెన్స్ మార్చే పని తప్పుతుంది. అది దాని లాభం. వెలుతురు తక్కువగా ఉన్నచోట ఇబ్బంది పడటం దాని నష్టం. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ల దగ్గర కనిపించే 70-200 ఎఫ్ 2.8 లెన్స్ దాదాపు కిలోన్నర బరువు. అది చూసి మోజుపడి కొని గండికోట లోయ అంచున రోజంతా మోస్తే, సాయంత్రానికి ఫొటోల మీద కాదు, భుజం మీద ధ్యాస పోతుంది.

ఇంకొక మాట. లోయను, కొండను వెడల్పు లెన్స్‌తోనే తీయాలని నియమం లేదు. 18 దగ్గర అన్నీ పడతాయి గానీ అన్నీ చిన్నవైపోతాయి. 55 దగ్గరో ఇంకా పైనో పెట్టి ఒక్క మలుపును తీస్తే లోయ లోతు బాగా తెలుస్తుంది.

కొనేటప్పుడు చూడవలసినవి

1. ముందు మీ పాత ఫొటోలు ఒక రెండొందలు తీసి, ఒక్కొక్కటి ఎన్ని ఎం.ఎం. దగ్గర తీశారో చూడండి. కంప్యూటర్‌లో ఫొటో వివరాల్లో అది ఉంటుంది. ఎక్కువ ఫొటోలు 18 దగ్గర ఉంటే మీది యాత్ర చూపు. 50, 55 దగ్గర ఉంటే మీకు మనుషులంటే ఇష్టం. డబ్బు దానికే పెట్టండి.

2. నికాన్ డి3000, డి5000 వరుస కెమెరాల్లో ఫోకస్ మోటారు లేదు. వాటికి పాత 'ఏఎఫ్-డి' రకం 50 ఎం.ఎం. కొంటే చేత్తోనే ఫోకస్ చేయాలి. 'ఏఎఫ్-ఎస్' అని రాసి ఉన్నది తీసుకోవాలి. పాత లెన్స్ చవకగా ఇస్తామంటే ముందు ఇది చూడండి.

3. సెకండ్‌హ్యాండ్ లెన్స్‌ను టార్చి వెలుగులో పరీక్షించండి. లోపల సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్. ఎంత చవకైనా వద్దు. సొంత కెమెరాకు తగిలించి, దగ్గరికి, దూరానికి ఫోకస్ చేసి, నాలుగు ఫొటోలు తీసి పెద్దగా చేసి చూశాకే డబ్బు ఇవ్వండి.

4. వానాకాలంలో లెన్స్‌ను ట్రంకు పెట్టెలో బట్టల మధ్య పెట్టకండి. చెమ్మ పట్టి ఫంగస్ వస్తుంది. గాలి దూరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి.

5. కెనాన్, నికాన్ కంపెనీలు 2018లో అద్దం లేని కెమెరాలకు కొత్త మౌంట్లు తెచ్చాయి. పాత లెన్స్‌లు వాటికి అడాప్టర్ ఉంటేనే పడతాయి. కెమెరా, లెన్స్ ఒక జతో కాదో అడిగి తెలుసుకోండి.

చివరిగా నా సలహా

చేతిలో ఉన్న 18-55తో ఆరు నెలలు తీయండి. తర్వాత ఒక్క 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 కొనండి. బరువు రెండొందల గ్రాముల లోపే. పోర్ట్రెయిట్‌కు పనికొచ్చే లెన్సుల్లో చవకైన వాటిలో ఇదొకటి. గదుల్లో ఎక్కువ తీసేవాళ్లు నికాన్‌లో 35 ఎం.ఎం. ఎఫ్ 1.8 చూసుకోవచ్చు. ఈ రెండు లెన్సులతో సంపాదించిన డబ్బుతోనే మూడోది కొనాలి. వడ్డీ డబ్బుతో లెన్స్ కొనకండి.

ఆ లెన్స్‌తో మొదటి ఫొటో ఎవరిది తీయాలో కూడా చెబుతాను. మనలో చాలామంది ఇళ్లలో అమ్మానాన్నల ఫొటో అంటే రేషన్ కార్డు మీదిదో, ఆధార్ మీదిదో. ఎవరో తొందరలో తీసింది. ఇప్పుడు మీరు తీయండి. అమ్మను వాకిట్లో వేపచెట్టు నీడలో కూర్చోబెట్టండి. వెనక గోడ కనీసం పదిహేను అడుగుల దూరంలో ఉండాలి. మీరు ఆరడుగుల దూరంలో, ఆమె కళ్ల ఎత్తులో కూర్చోండి. కళ్ల మీద ఫోకస్ పెట్టండి. తర్వాత కంప్యూటర్‌లో ముఖం తెల్లగా చేయకండి. ఎండలో పనిచేసిన ఆ రంగు, ఆ గీతలు అలాగే ఉండాలి. ఫొటోను ఫోనులో వదిలేయకుండా ప్రింటు వేయించి గోడకు పెట్టండి.

వచ్చే ఏడాది ఈ సంచికలో మీరు తీసిన మన ఊళ్లు, మన మనుషులు అచ్చులో కనిపించాలని కోరుకుంటూ, అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

- హాస్టల్ పూర్వ విద్యార్థి